పులస వార్తయింది, మునిగిన మా చేను ఎందుకు కాలేదు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. నేను ఎకరన్నర కౌలుకు చేస్తున్నాను. ఊరి పక్క మురుగు డ్రెయిన్‌లో నాలుగేళ్లుగా పూడిక తియ్యలేదు, గుర్రపుడెక్క పట్టేసింది. వాన పడితే నీరు దిగదు. ఈ సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, నాట్లు ఊడ్చిన చేను పదకొండు రోజులు నీళ్లలోనే ఉంది. పేపర్ విలేకరి గారికి ఫోన్ చేస్తే వచ్చి ఫొటోలు తీసుకున్నారు. జిల్లా పేజీలో ఐదు లైన్లు వచ్చింది, ఫొటో రాలేదు. అదే రోజు యానాంలో ఒక పులస వేలల్లో పలికిందని పేపర్లో పెద్ద ఫొటో, టీవీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా అదే. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. "డబ్బులిస్తేనే వేస్తారమ్మా" అంటోంది. నిజమేనా? ఏ వార్త ఎంత వెయ్యాలో ఎవరు నిర్ణయిస్తారు? మాలాంటి వాళ్లం ఏం చెయ్యాలి?
- ఒక కౌలు రైతు, కోనసీమ

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాట 'పదకొండు రోజులు'. పేపర్లో వచ్చిన ఐదు లైన్లలో ఈ మాట ఉండి ఉండదని నా అనుమానం. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మీ అమ్మాయికి జవాబు చెప్పాలి. ఆ వయసులో ఒకసారి అలా అనుకున్నారంటే ఇక జన్మలో పేపరు నమ్మరు.

డబ్బు తీసుకుని వార్తలు వెయ్యడం అనేది లేదని నేను అనను. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వాళ్ల ప్రచారాన్నే వార్తల్లాగా అచ్చేశారని పెద్ద గొడవైంది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో విచారణ చేయించింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు మన తెలుగు పాత్రికేయులు కె.శ్రీనివాస్ రెడ్డి గారు. 2010లో వాళ్లు నివేదిక ఇచ్చారు. వర్కింగ్ జర్నలిస్టుల సంఘం దీని మీద మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే నమూనా సర్వే కూడా చేసింది. కాబట్టి మీ అమ్మాయి మాట గాలికి పుట్టింది కాదు.

అయితే మీ డ్రెయిన్ విషయంలో జరిగింది అది కాదు. మీ వార్త తొక్కెయ్యమని ఎవరూ డబ్బు ఇవ్వలేదు, పులస వార్త వెయ్యమనీ ఎవరూ ఇచ్చి ఉండరు. ఇంకా చెప్పాలంటే, మీ ఊరొచ్చి ఫొటోలు తీసుకున్న ఆ విలేకరి, మీ వార్త పెద్దగా రావాలని మీకంటే ఎక్కువ కోరుకుని ఉంటారు. మండలాల్లో పనిచేసే విలేకరిని మేము కంట్రిబ్యూటర్ అంటాం. చాలామందికి నెల జీతమంటూ ఉండదు. అచ్చయిన వార్తకి లైన్ల లెక్కన వచ్చేది పెట్రోలుకి సరిపోదు. పైగా ఆగస్టు 15కి ఇన్ని ప్రకటనలు, సంక్రాంతికి ఇన్ని అని టార్గెట్లు. ఆ టెన్షన్‌లోనే ఆయన మీ గట్టు మీదికొచ్చి బురదలో నిలబడ్డారు.

ఆయన పంపింది జిల్లా డెస్కుకి, అంటే వార్తలు దిద్ది పేజీలు కూర్చే చోటికి వెళ్తుంది. అక్కడ సబ్ ఎడిటర్ ముందు సాయంత్రానికల్లా డమ్మీ ఉంటుంది. ఏ పేజీలో ప్రకటన ఎక్కడొస్తుందో, ఎంతొస్తుందో గీసిన పటం అది. ప్రకటనలు పోగా మిగిలిన చోటే వార్తలది. పేపరు చదివేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

నేను రాజమండ్రిలో ఒక పత్రిక డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో కంట్రిబ్యూటర్లు వార్తలు కవర్లో పెట్టి బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేవాళ్లు. వాయుగుండం వెళ్లిన రెండో రోజు రాత్రి, నవంబరు నెల, ఒక కవర్లో నాలుగు కాగితాల వార్త వచ్చింది. చక్కటి దస్తూరి. ఏ డ్రెయిన్ ఎక్కడ పొంగింది, ఎన్ని ఎకరాల్లో కోసిన పనలు నీళ్లలో తేలుతున్నాయి, అన్నీ రాశారు. పేజీలో మూడు కాలమ్‌ల చోటు ఉంచాను. పది దాటాక ఎవరో పెద్దాయన దశదినకర్మ ప్రకటన వచ్చింది, పావు పేజీ. దాన్ని ఆపే అధికారం నాకు లేదు. నాలుగు కాగితాలనీ ఆరు లైన్లు చేసేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఊరి రైతు ఒకాయన ఆఫీసుకొచ్చారు. కోప్పడలేదు. తువ్వాల్లో కట్టి తెచ్చిన వరి పన నా టేబుల్ మీద విప్పారు. కంకిలో గింజ గింజకీ తెల్లటి మొలక, గోరంత పొడుగు. గదంతా నానిన గడ్డి వాసన. "ఇదండి. ఇది రాయలేదండి మీరు" అన్నారు. మా ఫొటోగ్రాఫర్ ఒక కంకిని ఆయన అరచేతిలో పెట్టించి ఫొటో తీశాడు. ఆ రాత్రి ఆ ఫొటో మొదటి పేజీకి వెళ్లింది. ప్రకటన ఆ రోజూ ఉంది, దాన్ని కిందికి జరిపారు. మూడో రోజుకి అధికారులు ఆ చేలో దిగారు. కంట్రిబ్యూటర్ రాసిన నాలుగు కాగితాల్లో ఉన్నదీ ఇదే నిజం. కానీ 'పనలు తేలుతున్నాయి' అన్న మాట అప్పటికి వందసార్లు అచ్చయింది. మొలకెత్తిన కంకి అరచేతిలో కనిపించడం అదే మొదటిసారి. ఆ ఆరు లైన్ల గురించి ఆ రైతుకి నేను క్షమాపణ చెప్పుకోలేదు. చెప్పి ఉండాల్సింది.

ఏది వార్త అవుతుందన్న దాని మీద పరిశోధనలు ఎప్పటి నుంచో ఉన్నాయి. డేవిడ్ మ్యానింగ్ వైట్ అనే అమెరికన్, ఒక చిన్న నగరం పత్రికలో ఎడిటర్ చేత వారం రోజుల పాటు లెక్క రాయించాడు. వార్తా సంస్థల నుంచి వచ్చిన వార్తల్లో ఏది వాడారు, ఏది పారేశారు, ఎందుకు పారేశారు అని. 1950లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం వచ్చినదాంట్లో పదో వంతు మాత్రమే పేపర్లోకి వెళ్లింది. పారేసిన కాగితాల మీద ఆ ఎడిటర్ మళ్లీ మళ్లీ రాసిన కారణాల్లో 'చోటు లేదు' ఒకటి. తర్వాత 1965లో నార్వేలో గాల్టుంగ్, రూగె అనే ఇద్దరు, ఎలాంటి సంఘటనకి వార్తయ్యే అవకాశం ఎక్కువో విడదీసి చెప్పారు. ఒక్కసారిగా జరగాలి, అనుకోనిది కావాలి, చెడు కావాలి, పేరున్నవాళ్లకి జరగాలి, అందులో మనిషి ముఖం కనిపించాలి. వాళ్లు చెప్పినదాంట్లో మీకు పనికొచ్చేది ఇది: పేపరు రోజుకొకటి వస్తుంది కాబట్టి ఒక్క రోజులో జరిగి తేలిపోయేదే దానికి సరిగ్గా సరిపోతుంది. నాలుగేళ్లుగా పూడుకుంటున్న డ్రెయిన్ ఏ రోజు వార్త?

ఇప్పుడు పులస దగ్గరికి రండి. గోదావరికి ఎర్రనీరు వచ్చాకే అది దొరుకుతుంది, ఏడాదిలో కొద్ది వారాలు. వేలమంటే ఒక రోజు, ఒక రేవు, ఒక ధర, చేపని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న మనిషి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట తెలియని తెలుగువాళ్లు లేరు, అంటే హెడ్డింగు కూడా తయారుగా ఉన్నట్టే. హైదరాబాద్‌లో టీవీ డెస్కులో కూర్చున్న కుర్రాడికి పులస అంటే ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు. మీ డ్రెయిన్ గురించి చెప్పాలంటే సార్వా అంటే ఏమిటో చెప్పాలి, సముద్రం పోటు మీదున్నప్పుడు మురుగునీరు ఎందుకు దిగదో చెప్పాలి, పల్లపు చేలకే ఎందుకు దెబ్బో చెప్పాలి. వినే ఓపిక ఆ గదిలో లేదు. టీవీకి వారం వారం వచ్చే రేటింగు, దేశం మొత్తం మీద కొన్ని పదుల వేల ఇళ్లలో పెట్టిన మీటర్ల నుంచి తీసే లెక్క. ఏ బొమ్మ దగ్గర జనం ఆగారో, ఏ బొమ్మ దగ్గర ఛానెల్ మార్చారో అందులో తెలుస్తుంది. చేప దగ్గర ఆగుతారు.

వరదకి మాత్రం ఎప్పుడూ లోటు ఉండదు, గమనించారా? గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలైతే రెండోది, 17 లక్షలైతే మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు టీవీ తెర కింద ఆ అంకె గంట గంటకీ మారుతూనే ఉంది. అంకె ఉంది, పెరుగుతుంది, తగ్గుతుంది, ఎంతైతే ఎంత ప్రమాదమో ప్రభుత్వమే చెప్పేసింది. ఈ రోజు ఎన్ని కాలమ్‌లు ఇవ్వాలో డెస్కుకి ఆ అంకే చెబుతుంది. మూడో హెచ్చరిక ఎత్తేశారంటే టీవీ వ్యాన్లు వెనక్కి తిరుగుతాయి. లంకల్లో బురద, చచ్చిన గొడ్లు, పాడైన మంచినీళ్లు అప్పుడే బయటపడతాయి, అవి చూపించేవాళ్లు ఉండరు. మీ డ్రెయిన్‌కి మొదటి హెచ్చరికా లేదు, మూడోదీ లేదు. మీ చేను ఎన్నో రోజున ప్రమాదంలో పడిందో ఎక్కడా రాసి లేదు. అందుకే ఆ 'పదకొండు రోజులు' అన్న మాట అంత ముఖ్యమన్నాను.

ఇదంతా చెప్పి మా వృత్తిని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. నగరం అనే ఊరు మీకు దగ్గరే. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఢిల్లీ ఛానెళ్లు కూడా వచ్చి కూర్చున్నాయి. గ్యాస్ వాసన వస్తోందని ఊరివాళ్లు అంతకు ముందే మొత్తుకున్నారని పేలిన తర్వాత పత్రికలు రాశాయి. వాసన మొదటి పేజీ వార్త కాలేదు, మంట అయింది. ఇది ఏ ఒక్క పత్రిక తప్పూ కాదని సర్దిచెప్పుకోవచ్చు, నాకు మనసు ఒప్పదు. నెమ్మదిగా వచ్చే ప్రమాదాన్ని ముందే చూసి రాయడం కోసమే విలేకరి అనేవాడు ఉన్నాడు. మీ డ్రెయిన్ కూడా ఆ వాసన లాంటిదే.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, మీకు గుర్తుండే ఉంటుంది. గిట్టుబాటు ధర లేదని, కూలి ఖర్చులు పెరిగాయని, మురుగు పోవడం లేదని అంతకు ముందు ఏళ్ల తరబడి చెప్పారు. అవన్నీ లోపలి పేజీల్లో చిన్న చిన్న ముక్కలుగా వచ్చాయి. కాటన్ దొర ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి నీళ్లకి లోటులేని గడ్డ మీద రైతులు 'ఊడ్చం' అనేసరికి దేశమంతా తిరిగి చూసింది. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ సీజన్ గడిచాక కెమెరాలు వెళ్లిపోయాయి. పంట లేని ఏడాది మాత్రం రైతు ఇంట్లోనే మిగిలింది. కౌలు చేసేవాళ్లకి అంత మూల్యం కట్టే శక్తి లేదు, కాబట్టి మిమ్మల్ని ఆ దారి పట్టమని చెప్పను.

ఇంకో ఇబ్బంది జిల్లా పేజీ. 1980ల చివరి నుంచి తెలుగు పత్రికలు జిల్లాకో అనుబంధం ఇవ్వడం మొదలుపెట్టాయి. దానివల్ల మన మండలాల పేర్లు రోజూ అచ్చులో కనబడుతున్నాయి, అది గొప్ప మేలే. కానీ మీ వార్త ఆ పేజీ గడప దాటి రాదు. నిధులు మంజూరు చేసే రాష్ట్ర సచివాలయంలో మీ జిల్లా పేజీ చదివేవాళ్లు తక్కువ. 2022లో జిల్లాలు చిన్నవయ్యాక గడప ఇంకా దగ్గరికి జరిగింది. ఇదివరకు మీ రాజోలు వార్త కాకినాడలో, రాజమండ్రిలో కూడా చదివేవాళ్లు. ఇప్పుడవి వేరే జిల్లాలు.

పార్టీల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. మన దగ్గర ఏ పత్రిక ఏ పక్షం వైపో, ఏ ఛానెల్ ఎవరిదో పాలు పోసే అబ్బాయికి కూడా తెలుసు. ఒక ప్రభుత్వంలో మునిగిన చేను ఒక పత్రికలో కనబడుతుంది, ప్రభుత్వం మారితే రెండో పత్రికలో కనబడుతుంది. చేను మాత్రం అదే. అందుకని ఒక్క పత్రికకే చెప్పకండి, ఒకే రోజు అందరికీ చెప్పండి. ఒక్కదాంట్లోనే వస్తే 'రాజకీయం చేస్తున్నారు' అని అధికారులు పక్కన పెట్టెయ్యడం తేలిక.

మీ ఐదు లైన్లలో మాట్లాడింది ఎవరు? సర్పంచ్ గారో, నీటి సంఘం అధ్యక్షుడో అయ్యుంటారు. విలేకరి రోజూ తిరిగే చోట్లు పోలీస్ స్టేషన్, తహసీల్దార్ ఆఫీసు, ఎమ్మెల్యే గారి కార్యక్రమం. అక్కడ ఎవరు దొరుకుతారో వాళ్ల పేర్లే అచ్చవుతాయి. కౌలుకి చేసే ఆడవాళ్లు ఆ దారిలో తగలరు. మీకు కౌలు రైతులకి ఇచ్చే సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్‌సీ కార్డు ఉందో లేదో రాయలేదు. అది లేక నష్టపరిహారం జాబితాలో మీ పేరు ఎక్కకపోతే, డ్రెయిన్ కంటే ముందు చెప్పాల్సిన వార్త అదే. మునిగిన చేను మీది, పరిహారం భూమి ఉన్నవాళ్లది. ఈ ఒక్క వాక్యం చాలు, ఏ డెస్కయినా ఆగి చదువుతుంది.

ఇక చెయ్యాల్సిన పని. అక్టోబరు, నవంబరు వాయుగుండాలకి మళ్లీ నీరు నిలుస్తుంది. ఆ లోపు మీ చేలో గట్టు పక్కన ఒక వెదురు కర్ర పాతండి. జానెడు జానెడుకీ ఎర్ర రంగుతో గీత పెట్టండి. వాన పడిన రోజు నుంచి పొద్దునా సాయంత్రం నీరు ఎన్నో గీత దగ్గరుందో ఒక నోటుబుక్కులో మీ అమ్మాయి చేత తేదీతో సహా రాయించండి. ఎత్తు చేలో కూడా ఒక కర్ర పాతమనండి. వాన రెండింటిలోనూ ఒకటే పడింది, ఒక చేలో రెండు రోజుల్లో దిగిన నీరు రెండో చేలో పదకొండు రోజులు ఉందంటే తప్పు వానది కాదని చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర ప్రభుత్వం పెట్టుకున్న అంకెలాంటిదే మీకూ దొరుకుతుంది. ఒక్క గీత కూడా ఎక్కువ చేసి రాయకండి. ఒకసారి లెక్క తప్పని తేలితే ఆ తర్వాత నిజం చెప్పినా రారు.

రెండోది సమాచార హక్కు దరఖాస్తు. ఈ డ్రెయిన్‌కి గత నాలుగేళ్లలో ఎంత మంజూరైంది, ఎన్ని కిలోమీటర్లు పూడిక తీశారు, ఎవరికి ఎంత బిల్లు ఇచ్చారు అని మాత్రం అడగండి. జలవనరుల శాఖలో డ్రెయిన్లు చూసే విభాగానికి రాయండి. మండలం పై స్థాయి కార్యాలయాలకి ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పని జరగకుండా జరిగినట్టు బిల్లు కనబడితే అది మీ ఊరి వార్త దాటిపోతుంది. డబ్బు ఖర్చే కాలేదని జవాబు వచ్చినా మంచిదే, శాఖ స్టాంపుతో ఉన్న కాగితం మీద విలేకరి ధైర్యంగా రాస్తారు. వట్టి నోటిమాట మీద రాయడానికి వాళ్లకి భయం ఉంటుంది, అది తప్పని నేను అనను.

ఇప్పుడు సమయం. నీళ్లు నిలిచినప్పుడు మీతో పాటు వంద ఊళ్లు మునుగుతాయి, మీ వార్త ఆ జాబితాలో ఒక పేరు. ఏప్రిల్లో కాలువలు కట్టేసే ముందు, అంటే వాటిలో నీళ్లు ఆపే ముందు చెప్పండి. పూడిక తీసేది కాలువలు కట్టేసిన ఆ కొద్ది వారాల్లోనే, మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేస్తారు. 'ఈసారైనా తీస్తారా?' అన్న ప్రశ్నకి ఏప్రిల్లో విలువ ఉంది, అధికారి జవాబు చెప్పక తప్పదు. నోటుబుక్కు, శాఖ జవాబు, ఫొటోలు పట్టుకుని పదిమంది కౌలు రైతులు ఒక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి వెళ్లండి. విలేకరులందరూ అక్కడే ఉంటారు. పెద్దగా రాయించుకోవాలంటే మాత్రం విషయం ఆదివారం పొద్దున్నే కంట్రిబ్యూటర్లందరి చేతికివ్వండి. ఆదివారం ఆఫీసులు ఉండవు, మీటింగులు తక్కువ, సోమవారం పేపర్‌కి సరుకు వెతుక్కుంటారు. ఎన్నికల ఫలితాలు, అసెంబ్లీ, పండగ ఉన్న వారాన్ని వదిలెయ్యండి.

వార్త వేస్తాం, దానికో ప్రకటన ఇప్పించండి అని ఎవరైనా అడిగితే ఇవ్వలేనని మర్యాదగానే చెప్పండి. మొదటి వార్త వచ్చిన వారానికి అదే విలేకరికి ఫోన్ చేసి, అధికారులు వచ్చారో రాలేదో చెప్పండి. మా దగ్గర ఫాలోఅప్‌లు, అంటే తరువాయి వార్తలు ఆగిపోయేది చాలాసార్లు ఆ ఫోన్ రాకే.

ఫొటో తీసేటప్పుడు ఊరి పెద్దల్ని గట్టు మీద వరసగా నిలబెట్టకండి. అలాంటివి డెస్కులో రోజుకి యాభై చూస్తారు. మీరొక్కరే చేలో దిగి, కర్ర పక్కన నిలబడి, ఎన్నో గీత దాకా నీరుందో వేలితో చూపించండి. కుళ్లిన మొక్క ఒకటి రెండో చేతిలో పట్టుకోండి. వేరు కనబడాలి.